మూలపడిన పాత బండి – 3వ పాఠం: ప్లగ్గుకి కరెంటు

రెండో పాఠం పూర్తయ్యేసరికి ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది, కంప్రెషన్ ఉంది, గేర్లు పడుతున్నాయి. అయినా ఇప్పుడే పెట్రోలు పోయొద్దు. పెట్రోలూ కరెంటూ ఒకేసారి మొదలుపెడితే, బండి స్టార్టు కానప్పుడు లోపం ఎటువైపుందో తేలదు. పైగా ఈ పాఠమంతా నిప్పురవ్వలతో పని. ట్యాంకు విప్పి వేరే గదిలో పెట్టండి.

ఈ పాఠం పాయింట్లున్న బళ్లకి (పాయింట్లంటే ఇంజిన్ తిరిగేకొద్దీ తెరుచుకుని మూసుకుంటూ కాయిల్‌కి కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్). కావలసినవి: మల్టీమీటరు, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే బ్లేడ్ల సెట్టు), 3 వాట్ల చిన్న టెస్ట్ ల్యాంపు, హోల్డరుతో 21 వాట్ల బల్బు ఒకటి (బండి వోల్టేజికి తగినది), 600 నంబరు వాటర్ పేపర్, కొంచెం అసిటోన్, గట్టి తెల్లకాగితం ముక్కలు. కొత్త కాయిల్, కొత్త కండెన్సర్ ఇప్పుడే కొనకండి. ఏళ్లపాటు నిలిచిపోయిన బండిలో కరెంటు రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం పాయింట్ల మీద పట్టిన పొర, చిలుము పట్టిన కనెక్షన్లు, సరిగా అందని ఎర్త్ (కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి). వీటికి కొనాల్సిందేమీ ఉండదు. చూడకుండా కొత్త సామాన్లు బిగిస్తే అసలు లోపం అలాగే ఉండిపోతుంది, దానికి తోడు కొత్త అనుమానాలు మొదలవుతాయి.

స్పార్క్ ఎప్పుడు పుడుతుంది

పాయింట్లు మూసుకున్నంతసేపూ కాయిల్ ప్రైమరీ చుట్టలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం తయారవుతుంది. క్యామ్ (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ పాయింట్లను నెట్టే ముక్క) పాయింట్లను తెరవగానే ఆ కరెంటు ఆగి క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది. సెకండరీ చుట్టలో వేల వోల్టులు పుట్టేది ఆ క్షణంలోనే. అంటే స్పార్క్ వచ్చేది పాయింట్లు తెరుచుకున్నప్పుడు, మూసుకున్నప్పుడు కాదు. టైమింగ్, అంటే స్పార్క్ ఏ క్షణంలో రావాలన్న లెక్క, అంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

కండెన్సర్ పని ఏమిటంటే, పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య దూకబోయే కరెంటును తాను తీసుకోవడం. అది లేకపోతే క్షేత్రం నెమ్మదిగా కూలి ప్లగ్గు దగ్గర స్పార్క్ పలచబడుతుంది, పాయింట్లు మాడతాయి.

ఇక మీది ఏ రకం బండో తేల్చుకోండి. బ్యాటరీ నుంచి స్విచ్ మీదుగా కాయిల్‌కి వైరు వెళ్తుంటే బ్యాటరీ కాయిల్ రకం. ఫ్లైవీల్ లోపలి చుట్టల్లోనే కరెంటు పుట్టి, బ్యాటరీ లేకుండా స్పార్క్ వస్తే మాగ్నెటో రకం. కిల్ స్విచ్ ఈ రెండింటిలో ఒకేలా పనిచేయదు. బ్యాటరీ రకంలో అది సరఫరాను తెంచుతుంది. మాగ్నెటోలో ప్రైమరీని బాడీకి కలిపి స్పార్క్‌ను చంపుతుంది. అందుకే మాగ్నెటో బండిలో స్పార్క్ లేకపోతే మొట్టమొదట కిల్ స్విచ్ వైరు ఊడదీసి చూడండి. స్విచ్ లోపల తుప్పు పట్టి బాడీకి తగులుతుంటే మిగతాదంతా బాగున్నా స్పార్క్ రాదు.

బ్యాటరీ తగిలించే ముందు

బండి 6 వోల్టులదా 12 వోల్టులదా చూడండి. బల్బుల మీద రాసి ఉంటుంది, కానీ ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి కాయిల్ మీద కూడా చూడండి. చాలా పాత బ్రిటిష్ బళ్లలో బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. అలవాటుగా నెగటివ్‌ను ఎర్త్ చేస్తే రెక్టిఫయర్ (ఛార్జింగ్ కరెంటును డీసీగా మార్చేది) పోతుంది. వైరింగ్ పటం చూశాకే తగిలించండి.

ఛార్జయిన బ్యాటరీని కొన్ని గంటలు పక్కన పెట్టాక 12 వోల్టులదైతే 12.6 నుంచి 12.8, 6 వోల్టులదైతే 6.3 నుంచి 6.4 చూపాలి. ఏళ్లుగా బండిలోనే ఉండిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ పెట్టినా తిరిగి లేవడం అరుదు. దాన్ని నమ్ముకుని పరీక్షలు చేస్తే ప్రతి కొలతా తప్పుదారి పట్టిస్తుంది. బాగున్న బ్యాటరీతోనే ఈ పాఠం చేయండి.

ఇప్పుడు 21 వాట్ల బల్బు పని. బ్యాటరీకీ, బండి వైరింగ్‌లోకి వెళ్లే లైవ్ వైరుకీ మధ్య దాన్ని వరుసలో కలపండి. తాళం ఆఫ్‌లో బల్బు వెలగకూడదు. వెలిగితే ఎక్కడో వైరు చర్మం ఊడి బాడీకి తగులుతోంది. ఒక్కొక్క కనెక్షనూ విప్పుకుంటూ పోండి, ఏది విప్పితే బల్బు ఆరిందో లోపం ఆ దారిలో ఉన్నట్టు. బల్బు కరెంటును అదుపులో ఉంచుతుంది కాబట్టి ఈలోగా వైరింగ్ కాలిపోదు.

తర్వాత లైట్లన్నీ ఆపి, తాళం ఆన్ చేసి, ఇంజిన్ను మెల్లగా తిప్పండి. పాయింట్లు మూసుకున్నప్పుడు బల్బు వెలిగి, తెరుచుకున్నప్పుడు ఆరిపోతే బ్యాటరీ, స్విచ్, కాయిల్ ప్రైమరీ, పాయింట్ల దారి మొత్తం కలిసి ఉన్నట్టు. వార్నింగ్ ల్యాంపు వెలిగే బండిలో బల్బు పూర్తిగా ఆరక మసకగా మిగలొచ్చు, అది లోపం కాదు. అసలే వెలగకపోతే దారి తెగి ఉంది. వెలిగింది ఆరకపోతే పాయింట్ల దగ్గర షార్ట్ ఉంది. ఇక్కడిదాకా సరిపడితే బల్బు తీసేసి, దాని చోట 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. చాలా పాత బళ్లలో తయారైనప్పటి నుంచీ ఫ్యూజే ఉండదు. ఇది శాశ్వతంగా ఉంచదగ్గ మార్పు.

ఎర్త్ సంగతి కూడా ఇక్కడే. ఫ్రేముకి కొత్తగా పెయింటు లేదా పౌడర్ కోటింగ్ వేయించిన బండిలో ఇంజిన్ బోల్టుల దగ్గర లోహానికి లోహం తగలదు. ఇంజిన్ నుంచి బ్యాటరీ ఎర్త్ కొనకి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి లాగండి.

పాయింట్లు

ఇక్కడ తొందరపడొద్దు. కవర్ తీసి, పాయింట్లను స్క్రూడ్రైవర్‌తో మెల్లగా విడదీసి రెండు ముఖాలనూ భూతద్దంతో చూడండి. మంచి పాయింటు ముఖం బూడిదరంగులో, నున్నగా ఉంటుంది. నిలిచిపోయిన బండిలో దానిపై నల్లటి లేదా పచ్చటి పొర కనిపిస్తుంది. ఒక ముఖంలో గుంట, ఎదుటి ముఖంలో చిన్న మొటిమ ఉంటే లోహం ఒకవైపు నుంచి మరోవైపుకి వెళ్లిందన్నమాట. అప్పుడు కండెన్సర్‌ను అనుమానించాలి.

పొర మాత్రమే ఉంటే 600 పేపర్‌ను మడిచి, పాయింట్ల మధ్య పెట్టి, స్ప్రింగు ఒత్తిడి మీదే నాలుగైదుసార్లు లాగండి. ఎమరీ గుడ్డ వాడొద్దు, దాని రేణువులు ముఖంలో దిగబడి మళ్లీ కరెంటును అడ్డుకుంటాయి. పేపర్ పని అయ్యాక అసిటోన్‌లో తడిపిన తెల్లకాగితాన్ని అదే చోట పెట్టి లాగండి, నల్లటి గీత పడుతుంది. గీత పడడం ఆగేవరకూ కొత్త ముక్కలతో లాగుతూనే ఉండండి. గుంట లోతుగా ఉన్నా, రెండు ముఖాలూ చదునుగా కలవకపోయినా పాయింట్ల సెట్టు మార్చడమే మేలు. కొత్త సెట్టు ముఖాల మీద తుప్పు పట్టకుండా పూసిన పలచని పొర ఉంటుంది. దాన్ని కూడా అసిటోన్‌తో తుడవాలి. ఇది తెలియక కొత్త పాయింట్లు వేశాక స్పార్క్ పోయిందని తలపట్టుకునేవాళ్లు చాలామంది.

కొత్త సెట్టు బిగించేటప్పుడు వాషర్ల వరుస గుర్తుపెట్టుకోండి, విప్పేముందే ఫొటో తీస్తే ఇంకా మంచిది. పాయింట్ల కదిలే చేయి, స్ప్రింగు, కాయిల్ వైరు, కండెన్సర్ వైరు ఒకదానికొకటి తగలాలి. వీటిలో ఏదీ బాడీకి తగలకూడదు. ఫైబర్ వాషర్ ఒక్కటి చోటు మారితే చాలు, పాయింట్లు తెరుచుకున్నా కరెంటు బాడీలోకి పోతూనే ఉంటుంది, స్పార్క్ రానే రాదు. తనిఖీకి కాయిల్ వైరు, కండెన్సర్ వైరు ఊడదీసి, పాయింట్ల మధ్య కాగితం పెట్టి, పాయింట్ల చేయికీ బండి బాడీకీ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. మీటరు అనంతం చూపాలి.

గ్యాప్ కోసం ఇంజిన్ను తిప్పుతూ పాయింట్లు అన్నిటికంటే ఎక్కువ తెరుచుకున్న చోట ఆపండి. చాలా పాత బళ్లకి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. మీ మాన్యువల్ వేరే చెబితే మాన్యువల్ మాటే చెల్లుతుంది. ఫీలర్ బ్లేడును నూనె లేకుండా తుడిచి పెట్టండి, లేకపోతే ఇందాక శుభ్రం చేసిన ముఖాలకి మళ్లీ నూనె అంటుతుంది. బ్లేడు కొద్దిగా పట్టు తగులుతూ జారాలి. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో గ్యాప్ మారడం మామూలే. క్యామ్‌కి రాసుకునే నూలుమెత్త మీద హైటెంప్ గ్రీజు బియ్యపుగింజంత చాలు. ఎండిన క్యామ్ మీద పాయింటు మడమ (క్యామ్‌కి రాసుకునే భాగం) అరిగితే గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి పోతుంది.

బ్యాటరీ రకంలో చివరి పరీక్ష: తాళం ఆన్ చేసి, పాయింట్లు మూసి ఉండగా, పాయింట్ల చేయికీ ఇంజిన్ బాడీకీ మధ్య వోల్టేజి కొలవండి. 0.2 కంటే తక్కువ రావాలి. అంతకంటే ఎక్కువైతే ముఖాలు ఇంకా శుభ్రం కాలేదు, లేదా పాయింట్ల ప్లేటుకి ఎర్త్ సరిగా లేదు.

కాయిల్, కండెన్సర్, వైరు

బ్యాటరీ రకంలో వైర్లు ఊడదీసి ప్రైమరీ కొలిస్తే 12 వోల్టుల కాయిల్‌లో సుమారు 3 నుంచి 4.5 ఓములు, 6 వోల్టులదాంట్లో 1 నుంచి 2 ఓములు కనిపిస్తాయి. మీటరు వైర్లను ఒకదానికొకటి ఆనించి వచ్చే కొలతను ఇందులోంచి తీసేయండి. సెకండరీ వేల ఓముల్లో ఉంటుంది, అది అనంతం చూపితే చుట్ట తెగినట్టు. కండెన్సర్ సుమారు 0.2 మైక్రోఫారడ్. తాళం ఆన్‌లో పెట్టి మరిచిపోవద్దు. పాయింట్లు మూసుకున్నచోట ఇంజిన్ ఆగి ఉంటే కాయిల్ కాలుతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది.

కొన్ని లోపాలు చల్లగా ఉన్నప్పుడు మీటరుకి దొరకవు. బండి బాగా స్టార్టయి, పదిహేను నిమిషాల్లో ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టవుతుంటే కండెన్సర్ గానీ కాయిల్ గానీ వేడికి పోతున్నట్టు. ఆగిన వెంటనే కవర్ తీసి ఎవరిచేతనైనా కిక్ కొట్టించండి. పాయింట్ల మధ్య లావుగా మెరుపులు కనిపిస్తే కండెన్సర్. పాయింట్ల దగ్గర మామూలుగానే ఉండి ప్లగ్గుకి మాత్రం కరెంటు రాకపోతే కాయిల్.

ప్లగ్ వైరు చివర 5 మిల్లీమీటర్లు కత్తిరించండి. లోపల రాగి మెరవాలి. నల్లగా ఉంటే ఇంకొంచెం కత్తిరించండి, అప్పటికీ నల్లగానే ఉంటే వైరు మార్చండి. చాలా ప్లగ్ క్యాపుల్లో 5 కిలోఓముల రెసిస్టర్ ఉంటుంది. పాతబడితే అది ఎంతైనా చూపొచ్చు, అలాంటిదాన్ని పారేయండి.

స్పార్క్ చూసేటప్పుడు ప్లగ్గు లోహపు ఒంటిని హెడ్డుకి గట్టిగా ఆనించండి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా. ఒక మాట: బయటి గాలిలో 0.6 మిల్లీమీటర్ల గ్యాప్‌ను బలహీనమైన కాయిల్ కూడా దూకించగలదు, సిలిండర్లో కంప్రెషన్ కింద దూకించలేదు. పాత ప్లగ్గు ఒకదానికి పక్క కొమ్మును కోసేసి 5, 6 మిల్లీమీటర్ల గ్యాప్ వచ్చేలా చేసి పరీక్షించండి. అంత దూరం నీలంగా, చటుక్కుమని దూకితే ఇంజిన్లో కూడా పనిచేస్తుంది.

టైమింగ్

గ్యాప్ పెట్టాకే టైమింగ్. గ్యాప్ మారిస్తే టైమింగ్ మారుతుంది, కాబట్టి ఈ వరుస తిరగేయొద్దు.

ఫోర్ స్ట్రోక్ అయితే ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి గాలి తన్నే స్ట్రోక్ పట్టుకోండి. టూ స్ట్రోక్‌లో పిస్టన్ పైకొచ్చే ప్రతిసారీ అదే. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ (పిస్టన్ ఎంత కదిలిందో ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి పిస్టన్ అత్యంత పైకొచ్చిన చోట సున్నా చేయండి. మాన్యువల్ చెప్పినన్ని మిల్లీమీటర్ల కంటే బాగా వెనక్కి తిప్పి, ఇంజిన్ నడిచే దిశలో మళ్లీ ఆ కొలత దగ్గరికి తీసుకురండి. దాటిపోతే అక్కడినుంచే సర్దుకోకుండా మళ్లీ వెనక్కి వెళ్లి రండి, లేకపోతే గేర్లలో, చెయిన్లలో ఉన్న లూజు కొలతలోకి చేరుతుంది.

బ్యాటరీ రకంలో టెస్ట్ ల్యాంపును పాయింట్ల చేయికీ బాడీకీ మధ్య కలిపి తాళం ఆన్ చేయండి. ఆ కొలత దగ్గర ల్యాంపు సరిగ్గా వెలగాలి. ముందే వెలిగితే ప్లేటును క్యామ్ తిరిగే దిశలోకి జరపండి, ఆలస్యమైతే ఎదురు దిశలోకి. మాగ్నెటోలో ప్రైమరీ చుట్ట పాయింట్లకి సమాంతరంగా ఉంటుంది కాబట్టి ఈ ల్యాంపు పనికిరాదు. పాయింట్ల మధ్య పలచటి సెల్లోఫేన్ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ తిప్పండి, పట్టు వదిలిన క్షణమే తెరుచుకోవడం. ఫ్లైవీల్ తీయాల్సివస్తే దానికి తగిన పుల్లరే వాడండి. సుత్తి దెబ్బకి అయస్కాంతం బలం తగ్గుతుంది, క్రాంకు వంగుతుంది.

ఆటో అడ్వాన్స్ (ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే బరువుల ఏర్పాటు) ఉన్న బండిలో బరువులు చేత్తో కదిపితే పూర్తిగా తెరుచుకుని స్ప్రింగు బలంతో పూర్తిగా వెనక్కి రావాలి. తుప్పుకి అవి తెరుచుకున్నచోటే ఇరుక్కుంటే కిక్ ఎదురుతన్ని చీలమండ విరగ్గలదు. మాన్యువల్‌లో ఇచ్చిన కొలత పూర్తి వెనక స్థితికో పూర్తి అడ్వాన్స్ స్థితికో చూసుకోండి. ఈ రెండూ కలగాపులగం చేస్తే ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పోతుంది.

ఈ పాఠం పని

ఒక కాగితం మీద ఈ కొలతలు రాసి బండి దగ్గర పెట్టుకోండి: బ్యాటరీ వోల్టేజి, పాయింట్ల మీద వోల్టేజి నష్టం, పాయింట్ల గ్యాప్, ప్రైమరీ, సెకండరీ ఓములు, టైమింగ్ మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల పరీక్ష ప్లగ్గుతో వరుసగా పది కిక్కుల్లో పదిసార్లూ స్పార్క్ రావాలి. తొమ్మిదిసార్లే వస్తే ఎక్కడో కనెక్షన్ వదులుగా ఉంది, వైర్లను ఒక్కొక్కటిగా కదుపుతూ మళ్లీ కొట్టి చూడండి.

తర్వాతి పాఠం కార్బురేటర్. అది విప్పే ముందు ఎయిర్ స్క్రూను లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, ఆ అంకెను కూడా ఇదే కాగితం మీద రాసిపెట్టుకోండి.