గండికోటలో పనోరమా: ఆకాశానికి అతుకులు కనపడకుండా తీయడం ఎలా

గండికోట వెళ్ళినోళ్ళందరూ అదే చోట నిలబడి అదే ఫోటో తీస్తారు, పెన్నా లోయ ముందు చేతులు చాపి. తప్పేం లేదు గానీ ఆ లోయ మామూలు ఫ్రేములో పట్టదు, ఇటు రాళ్ళ గోడ వస్తే అటు నది వంపు పోతుంది. అందుకే పనోరమా, అంటే పక్కపక్కన వరసగా తీసిన ఫోటోల్ని అతికించి ఒకే వెడల్పు ఫోటో చేయడం. నేను ఫస్ట్ టైం తీసినప్పుడు కెమెరా మొత్తం ఆటో మోడ్ లో వదిలేసి టపటపా పన్నెండు ఫోటోలు కొట్టి, ఇంటికొచ్చి అతికిస్తే ఆకాశం పాత బొంతలా వచ్చింది, ఒక ముక్క తెల్లగా ఒక ముక్క నీలంగా. పైగా పసుపు చొక్కా వేసుకున్న ఒకాయన రెండు చోట్ల ఉన్నాడు.

కాబట్టి మొదటి పని, ఆటో అనేది ఎక్కడా ఉండకూడదు. సీన్ లో బాగా వెలుగున్న చోటు చూసి అది తెల్లగా కాలిపోకుండా కెమెరాలోకి వచ్చే వెలుతురు, అంటే ఎక్స్‌పోజర్ సెట్ చేసి మాన్యువల్ లో లాక్ చేసేయండి, ఎఫ్/8 లేదా ఎఫ్/11 (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్‌ఓ 100 (వెలుతురుకి సెన్సర్ ఎంత స్పందించాలో), వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) డేలైట్, ఫోకస్ కూడా ఒకసారి పట్టించి మాన్యువల్ కి మార్చేయాలి. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసి బ్యాగులో పడేయండి, అది సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశాన్నే ముదురు చేస్తుంది, పనోరమాలో మధ్యలో నల్లటి పట్టీ వేసినట్టు కనిపిస్తుంది. ఫోన్ అయితే స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది చాలా వాటిలో, ఆ తర్వాతే తిప్పడం మొదలెట్టండి.

కెమెరా నిలువుగా పట్టుకోండి. వెడల్పు ఫోటోకి నిలువేంటి అనొద్దు, పైనా కిందా కోసుకోడానికి జాగా కావాలి కదా. పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 50 ఎంఎం లెన్స్ నిలువుగా పెడితే అడ్డంగా 27 డిగ్రీలు పడుతుంది, ఒక్కో ఫోటోలో మూడో వంతు పక్కదాని మీదకి ఎక్కేలా తీస్తే 180 డిగ్రీలకి పది ఫ్రేములు సరిపోతాయి. మొదటిదానికి ముందు, చివరిదాని తర్వాత లెన్స్ కి అరచెయ్యి అడ్డం పెట్టి ఒక్కో క్లిక్ కొట్టండి, ఇంటికొచ్చాక ఏ సెట్టు ఎక్కడ మొదలైందో వెతుక్కోనక్కర్లేదు. లోయ అంచున ఇవన్నీ చూసుకుంటూ వెనక్కి మాత్రం అడుగెయ్యకండి బాబూ.

లోయ నిజానికి ఈజీ, అంతా దూరంగా ఉంటుంది కాబట్టి. అసలు తిప్పలు అక్కడే ఉన్న మాధవరాయ స్వామి గుడి మండపంలో మొదలవుతాయి. ముక్కు ముందు బొటనవేలు పెట్టి ఒక కన్ను మూసుకుని తల అటూ ఇటూ తిప్పి చూడండి, వేలు వెనక గోడ మీద జరుగుతుంది. కెమెరాకీ అంతే, మీరు మీ ఒంటి చుట్టూ తిరిగితే దగ్గర స్తంభం ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటుంది, అతికించాక స్తంభం మధ్యకి విరిగినట్టు వస్తుంది. తిరగాల్సింది మన చుట్టూ కాదు, లెన్స్ చుట్టూ. దీనికి ట్రైపాడ్ మీద బిగించే ఖరీదైన పనో హెడ్లు ఉన్నాయి గానీ నేను వాడేది దారం. లెన్స్ ముందు భాగానికి దారం కట్టి కింద ఒక ఇనుప నట్టు వేలాడదీస్తా, నేల మీద ఒక చిన్న రాయి పెట్టి ఆ నట్టు ఎప్పుడూ రాయి మీదే ఉండేలా నేను దాని చుట్టూ తిరుగుతా. చూసేవాళ్ళకి ఏదో క్షుద్రపూజ చేస్తున్నట్టు ఉంటుంది, పర్లేదు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ కి ముందే పర్మిషన్ కావాలి, దారానికి అక్కర్లేదు.

గోడలకి ఈ తిప్పుడు పనికిరాదు. హంపిలో హజార రామాలయం ప్రహరీ బయట ఏనుగులు, గుర్రాలు, నాట్యకత్తెలు వరసలు వరసలుగా ఉంటాయి కదా, అక్కడ ఒక చోట నిలబడి తిప్పితే దగ్గరవి పెద్దగా చివరవి చీమల్లా వస్తాయి. గోడకి సమాన దూరంలో పక్కకి అడుగులేస్తూ ఎదురుగా ఒక్కోటి తీసుకుంటూ పోవాలి. ఇదేం కొత్త కాదు, 1858 లోనే లినేయస్ ట్రైప్ అనే ఆయన తంజావూరు పెద్ద గుడి పీఠం మీది శాసనాన్ని ఇలాగే తీసి 21 ప్రింట్లు అతికించాడు, మొత్తం 19 అడుగుల పైనే. ఆ రోజుల కెమెరా బరువు తల్చుకుంటే మనం మెడ నొప్పి అనడం అన్యాయం.

అతికించడానికి హ్యూగిన్ అనే సాఫ్ట్వేర్ ఫ్రీగా దొరుకుతుంది, లైట్‌రూమ్ ఉంటే అందులోనూ అయిపోతుంది. ప్రొజెక్షన్ (చుట్టూ తిప్పి తీసినదాన్ని చదునుగా పరిచే పద్ధతి) ఏంటని అడిగినప్పుడు మాత్రం ఆగి ఆలోచించండి. సిలిండ్రికల్ పెడితే స్తంభాలు నిటారుగానే ఉంటాయి గానీ పొడుగాటి ప్రహరీ గోడ విల్లులా వంగుతుంది, రెక్టిలీనియర్ పెడితే గోడ తిన్నగా ఉంటుంది గానీ వంద డిగ్రీలు దాటాక అంచులు సాగిపోతాయి. లోయకి సిలిండ్రికల్, గుడి ముఖానికి రెక్టిలీనియర్, నా లెక్క ఇది. వరంగల్ కోటలో నాలుగు కీర్తి తోరణాల మధ్య నిలబడి 360 తీస్తే మాత్రం రెక్టిలీనియర్ పనికిరాదు, సిలిండ్రికల్ లాంటిదే పెట్టాలి. ఇద్దరుగా వచ్చిన మనుషుల్ని మాస్క్ వేసి (ఆ భాగం కనపడకుండా మూసి) ఒకర్ని పంపించేయొచ్చు, పసుపు చొక్కాయన్ని అలాగే పంపించా.

ప్రింట్ విషయం. 24 మెగాపిక్సెల్ కెమెరాతో పది ఫ్రేములు అతికించి కోశాక 25,000 బై 5,000 పిక్సెల్స్ దాకా మిగులుతుంది, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లో అది దాదాపు ఏడడుగుల పొడుగు, ఎత్తు చూస్తే అడుగున్నర కూడా రాదు. నేను గోడ కొలవకుండా ఆర్డర్ ఇచ్చేశా, మా హాల్లో సోఫా పైన ఉన్నది ఆరడుగులే, ఇప్పుడు గండికోట మా బీరువా వెనక చుట్ట చుట్టుకుని ఉంది.