డిజిటల్ సింథ్‌లో వార్మ్ సౌండ్ – 3వ పాఠం: డీట్యూన్

పోయిన పాఠంలో సింథ్ (సింథసైజర్)లో ఒకే ఒక్క సా వేవ్ (రంపపు పళ్ల ఆకారంలో ఉండే పదునైన తరంగం) మీద లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను తగ్గించేది) పెట్టి, కటాఫ్ (ఫిల్టర్ ఎక్కణ్నుంచి కోయాలో చెప్పే హద్దు) తగ్గించి ఆపాం. పదును తగ్గింది కానీ సౌండ్‌కి ప్రాణం రాలేదు. చాలామంది ఇక్కడ కటాఫ్‌ని ఇంకా కిందికి లాగుతారు. అప్పుడు సౌండ్ మందకొడిగా తయారవుతుందే తప్ప వార్మ్‌గా మారదు. ఈసారి ఫిల్టర్ జోలికి వెళ్లొద్దు, డీట్యూన్ చేద్దాం, అంటే రెండు ఆసిలేటర్ల (శబ్దాన్ని పుట్టించే భాగాల) శ్రుతిని ఒకదాన్నుంచి ఒకటి కాస్త తప్పిద్దాం.

1970లో వచ్చిన అనలాగ్ సింథ్ మినీమూగ్‌లో మూడు ఆసిలేటర్లుంటాయి. మూడింటినీ ఒకే స్వరానికి కలిపినా, సర్క్యూట్ వేడెక్కేకొద్దీ ఒకదాన్నుంచి ఒకటి కాస్త తప్పుకుంటాయి. ఏసీ గదిలో ట్యూన్ చేసిన పాత అనలాగ్ సింథ్‌ని మే నెల చెన్నై ఎండలో ఓపెన్ స్టేజీ ఎక్కించిన వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. డిజిటల్ ఆసిలేటర్ అలా కదలదు. కాబట్టి ఆ తేడాని మనమే పెట్టాలి. మైలాపూరు సభల్లో తంబుర దగ్గరగా విన్నవాళ్లకి ఇది సులువుగా అందుతుంది: రెండు సారణి తీగల మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా నాదం అలలుగా కదులుతుంది.

ముందు కోరస్, రివర్బ్ (సౌండ్‌ని మందంగా, గదిలో మోగినట్టు చేసే ఎఫెక్ట్‌లు) ఆపేయండి. ఇది ముఖ్యం, లేకపోతే ఏది ఎక్కణ్నుంచి వస్తోందో చెవికి తెలియదు. రెండు ఆసిలేటర్లకీ సా వేవ్, ఒకే ఆక్టేవ్, ఒకే లెవెల్. మొదటిదాన్ని మైనస్ 4 సెంట్లు (సెంట్ అంటే అర్ధస్వరంలో నూరో వంతు), రెండోదాన్ని ప్లస్ 4 సెంట్లు చేయండి. ఇప్పుడు 440 హెర్ట్జ్ 'ఏ' నొక్కి పట్టుకోండి. సెకనుకి దాదాపు రెండు అలలు వినిపిస్తాయి. పైనున్న హార్మోనిక్స్ (అదే స్వరంలో కలిసి మోగే పై ఫ్రీక్వెన్సీలు) ఇంకా వేగంగా కదులుతాయి, సౌండ్ మెరుస్తున్నట్టు అనిపించేది అందుకే.

అదే స్వరం ఒక ఆక్టేవ్ కింద వాయిస్తే సెకనుకి ఒక అల, పైన వాయిస్తే నాలుగు. 55 హెర్ట్జ్ దగ్గరకి వెళ్తే ఒక్కో అలకి నాలుగు సెకన్లు పడుతుంది, మధ్యలో కాసేపు బేస్ మాయమైపోతుంది. అందుకే బేస్ ప్యాచ్‌లో (ప్యాచ్ అంటే సేవ్ చేసుకునే సౌండ్ సెట్టింగ్) రెండో ఆసిలేటర్ లెవెల్ సగానికి తగ్గించండి. ప్యాడ్‌కి (నెమ్మదిగా సాగే నేపథ్య సౌండ్‌కి) మాత్రం సమానంగా ఉంచడమే నాకిష్టం.

తర్వాత ఎల్ఎఫ్ఓ, అంటే తాను వినిపించకుండా నెమ్మదిగా ఊగుతూ ఇంకో సెట్టింగ్‌ని కదిలించే ఆసిలేటర్. వేగం 0.2 హెర్ట్జ్ దగ్గర పెట్టి, రెండో ఆసిలేటర్ పిచ్‌కి మాత్రమే ఒకటి రెండు సెంట్లు ఇవ్వండి. రెండింటికీ ఇస్తే అవి కలిసే కదులుతాయి, మనకి కావాల్సిన తేడా రాదు. కీ నొక్కినప్పుడల్లా ఎల్ఎఫ్ఓని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే కీ సింక్ కూడా ఆఫ్‌లో ఉండాలి. అది ఆన్‌లో ఉంటే ప్రతి స్వరం అచ్చు గుద్దినట్టు ఒకేలా మొదలవుతుంది.

1983 నాటి డిజిటల్ సింథ్ యమహా డీఎక్స్7 మీద నేర్చుకునేవాళ్లకి ఒక మాట. అందులో ఫిల్టర్ లేదు. 5వ ఆల్గరిథమ్ (ఆపరేటర్లు, అంటే దాని ఆసిలేటర్లు, ఒకదానితో ఒకటి కలిసే అమరిక) తీసుకోండి, రెండేసి ఆపరేటర్ల జతలు మూడు వస్తాయి. అన్ని రేషియోలూ (నొక్కిన స్వరంతో పోల్చిన ఆపరేటర్ ఫ్రీక్వెన్సీ) 1.00. జతల డీట్యూన్ మైనస్ 3, 0, ప్లస్ 3. జతలోని రెండు ఆపరేటర్లకీ ఒకే విలువ ఇవ్వండి. ఆసిలేటర్ సింక్ ఆఫ్.

వచ్చే పాఠం దాకా అభ్యాసం: బయట బస్సుల చప్పుడు తగ్గాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగు స్వరాల కార్డ్ పట్టుకోండి. డీట్యూన్ సున్నా నుంచి ఒక్కో సెంటే పెంచుతూ, శ్రుతి తప్పినట్టు ఎక్కడ అనిపిస్తుందో ఆ అంకె రాసుకోండి. దానికి రెండు సెంట్లు తగ్గించి ప్యాచ్‌ని సేవ్ చేయండి. ఫిల్టర్ ఎన్వలప్ పాఠం ఆ ప్యాచ్ మీదే చేస్తాం.