ఆఫర్ లెటర్‌పై సంతకానికి ముందు: రేపు సొంత కంపెనీ పెట్టదలచినవారికి జాగ్రత్తలు

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో ప్లేస్‌మెంట్ల కాలం మొదలైతే, రెండు ఆఫర్లు చేతిలో ఉన్న పిల్లలు ముందుగా పోల్చి చూసేది జీతాన్నే. ఉద్యోగంలోనే స్థిరపడదలచినవారికి ఆ లెక్క చాలు. నాలుగైదేళ్ళ తరువాత సొంతంగా ఏదైనా పెట్టాలనుకునేవారు మాత్రం చేరేనాడే బయటికి వచ్చే దారి కూడా చూసుకోవాలి. మన తీరంలో రొయ్యల చెరువు కౌలుకు తీసుకునే రైతు గట్టునూ నీటినీ చూసి ఊరుకోడు. నీళ్ళు బయటికి వదిలే తూము ఎక్కడుంది, ఆ కాలువ ఎవరి చేను పక్కగా పోతుంది అని అడిగి తెలుసుకున్నాకే అడ్వాన్సు ఇస్తాడు.

అన్నిటికంటే ముందు చదవవలసింది బాండు, అంటే ఇన్నేళ్ళు పనిచేస్తామని, మానేస్తే ఫలానా షరతులకు కట్టుబడతామని మీరు రాసిచ్చే ఒప్పందం. ఉద్యోగం మానేశాక అదే రంగంలో వ్యాపారం చేయకూడదన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. అంతమాత్రాన బాండ్లన్నీ ఉత్త కాగితాలే అనుకోవడం పొరపాటు. మూడేళ్ళ లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలని ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు పెట్టిన షరతును సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించింది. స్టాంపు పేపరు మీద మీ నాన్నగారి చేత జామీను సంతకం పెట్టించుకుంటున్నారంటే, మీరు కట్టవలసిన సొమ్ముకు ఆయన కూడా మీతో సమానంగా బాధ్యులవుతారని అర్థం. తేదీ వేయని చెక్కు అడిగితే ఇవ్వకండి. బాకీ కింద ఇచ్చిన చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు దాకా పోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకుంటామనే కంపెనీ ఎంత జీతం ఇస్తానన్నా వద్దనడమే మంచిదని నా అభిప్రాయం.

రెండవది, మీరు రాసే కోడు ఎవరిదన్న విషయం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే. కొన్ని కంపెనీలు ఇంకా ముందుకు వెళ్ళి, ఉద్యోగకాలంలో మీరు ఎక్కడ, ఎప్పుడు తయారుచేసినదైనా తమదేనని రాయించుకుంటాయి. చెన్నైలో నా మొదటి ఉద్యోగంలో ఆ పేరా చదవకుండానే సంతకం పెట్టాను. కావలిలో రొయ్యల మేత అమ్మే మా మేనమామకు, పట్టుబడి అయ్యేదాకా రైతులు పెట్టే అరువులన్నీ ఒక పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకంలో ఉండేవి. ఆ లెక్కలన్నీ ఫోనులో కనబడేలా ఆదివారాలు కూర్చుని ఒక యాప్ రాశాను, అదీ ఆఫీసు ల్యాప్‌టాప్ మీదే. మానేసేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు ఆ కోడునూ వదులుకోవలసి వచ్చింది. మామయ్య మళ్ళీ ఎర్ర పుస్తకం తెరిచాడు. కాబట్టి సొంత ప్రయత్నాలకు సొంత కంప్యూటరు, సొంత ఈమెయిలు వాడండి. కంపెనీ పనితో సంబంధం లేని ప్రయత్నాలకు చేరకముందే రాతపూర్వకంగా మినహాయింపు అడగండి. ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి, రెండింటి మధ్య తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఇక ఏ తరహా కంపెనీ అన్నది ఆ ఉద్యోగం నుంచి మీరు ఏం కోరుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫ్లిప్‌కార్ట్ పెట్టిన సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అంతకుముందు అమెజాన్‌లో పనిచేశారు. ఆన్‌లైన్ అమ్మకాల ఆనుపానులు తెలిసిన చోటు అది. ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామా పనిచేసింది చిప్‌లు తయారుచేసే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో. ఆయనకు ఆలోచన వచ్చింది దీపావళికి ఊరెళ్ళడానికి బస్సు టికెట్ దొరకనప్పుడు. వ్యాపారం నేర్చుకోవాలనుకుంటే, ఇంజనీరు నేరుగా కస్టమరుతో మాట్లాడే చిన్న కంపెనీ నయం. ఇంట్లో చదువు అప్పు వాయిదాలు ఎదురుచూస్తుంటే, నెలనెలా జీతం తప్పని పెద్ద కంపెనీలో చేరి ముందు ఆ అప్పు తీర్చడమే మేలు.

చిన్న కంపెనీ జీతం తగ్గించి షేర్లు ఇస్తానంటే, ఆ షేర్ల సంఖ్య చూసి మురిసిపోకండి. సాధారణంగా ఇచ్చేది షేర్లు కావు, ముందే అనుకున్న ధరకు వాటిని తరువాత కొనుక్కునే హక్కు. మొత్తం షేర్లలో మీవి ఎన్ని, కొనవలసిన ధర ఎంత, మానేశాక ఎన్ని రోజుల్లో కొనాలి అన్న మూడూ అడగండి. మన చట్టం ప్రకారం సాధారణంగా మొదటి ఏడాది నిండకుండా అవి మీకు దక్కవు. దక్కాక వాటిని కొన్నప్పుడు, ఆనాటి విలువకూ మీరు కట్టిన ధరకూ మధ్య తేడాను జీతం కింద లెక్కగట్టి పన్ను వేస్తారు. స్టాక్ మార్కెట్లో లిస్టు కాని కంపెనీ షేర్లయితే వాటిని అమ్మి ఆ పన్ను కట్టే వీలు కూడా సాధారణంగా ఉండదు. సొంత కంపెనీకి డబ్బు కావలసిన నెలలోనే ఈ ఖర్చు మీద పడుతుంది. జాయినింగ్ బోనస్ ఎప్పటిలోపు మానేస్తే తిరిగి ఇవ్వాలో, నోటీసు 30 రోజులో 90 రోజులో కూడా అప్పుడే చూసుకోండి.

మానేసే రోజు జాగ్రత్త వేరు. 2020లో సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో తన పాత ఉద్యోగి గిరీష్ మాతృభూతం పెట్టిన ఫ్రెష్‌వర్క్స్ అనే మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద, రహస్య సమాచారం వాడుకున్నారంటూ అమెరికా కోర్టులో దావా వేసింది. 2021లో అది రాజీతో ముగిసింది. అంత పెద్ద కంపెనీలకు లాయర్లున్నారు, మీకు ఉండరు. కస్టమర్ల జాబితా ఒక్క స్క్రీన్‌షాట్‌గానైనా మీ ఫోనులో మిగలకూడదు. రిలీవింగ్ లెటర్ చేతికి అంది, పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీ నమోదయ్యాకే కొత్త కంపెనీ రిజిస్ట్రేషన్‌కు వెళ్ళండి.