మిరప కోతల నెలల్లో పిల్లలు బడి మానకుండా చూడాలంటే

గుంటూరు చుట్టుపక్కల బళ్లలో సంక్రాంతి దాటాక హాజరు పల్చబడుతుంది. కిలోల లెక్కన కూలి ఇచ్చే చేలల్లో పిల్లల చేతులూ లెక్కకొస్తాయి. చేలోకి వెళ్లకపోతే పెద్దపిల్ల చంటివాణ్ణి ఆడిస్తూ ఇంట్లో ఉండిపోతుంది. కుటుంబాలు కోతలకు వలసపోయాక ఫిబ్రవరిలో ఇల్లిల్లూ తిరిగితే తాళాలే కనిపిస్తాయి కాబట్టి టీచర్లు పండగ సెలవులకు ముందే కదలాలి.

ఒక్కో తల్లితో విడిగా మాట్లాడి, ఏ ఊరు వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో, పిల్ల ఎవరి దగ్గరుంటుందో రాసుకోండి. ముఠా మేస్త్రీ నంబరు తప్పకుండా తీసుకోండి. రీచార్జి అయిపోయి అమ్మానాన్నల ఫోన్లు పలక్కపోయినా మేస్త్రీ ఫోను మోగుతుంది. నానమ్మో అమ్మమ్మో ఉంటే పిల్లని ఊళ్లోనే వదిలి వెళ్లమనండి. ఎవరూ లేకపోతే వలస నెలల్లో పిల్లల్ని ఊళ్లోనే ఉంచుకునే సీజనల్ హాస్టల్ గురించి అప్పుడే ఎంఈఓని (మండల విద్యాధికారిని) అడగండి. కుటుంబం ఆటో ఎక్కాక అడిగి లాభం లేదు.

పనికోసం వలసొచ్చినవాళ్ల పిల్లలు మీ బడికొస్తే టీసీ తెమ్మని తిప్పకండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌కు విరుద్ధం. పాత బడి హెచ్‌ఎంకు మీరే ఫోన్ చేసి పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కనుక్కోండి. ఆ పనికి తల్లిని పంపితే ఒకరోజు కూలి పోతుంది.

కోతలకెళ్లి తిరిగొచ్చిన పిల్లని 'ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లావ్' అని అందరి ముందూ నిలబెట్టొద్దు. ముందు చేతులు చూడండి. వేళ్లు మండుతుంటే పెన్ను పట్టలేదు. మిరప ఘాటు ఉత్త నీళ్లకు వదలదు. కొబ్బరినూనె రాసి, ఐదు నిమిషాలాగి సబ్బుతో కడిగించండి, కళ్లు నులుముకోనివ్వకండి. పోయిన నోట్సంతా ఎక్కించమనే అలవాటు మాత్రం మానేయాలి, ఆ బరువుకే పిల్ల మళ్లీ మానేస్తుంది. భోజనమయ్యాక అరగంట, రెండు వారాలపాటు, లెక్కల్లో తర్వాతి పాఠానికి అవసరమైనవి చెబితే చాలు. పెన్నులూ లాంగ్ నోటుబుక్కులూ బీరువాలో ఉంచి, ఇచ్చేదేదో నలుగురి ముందూ కాకుండా ఇంటర్వెల్‌లో ఇవ్వండి.

బడికెళ్లే పిల్లల తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బుకు 75 శాతం హాజరు చూస్తారని తల్లికి జనవరిలోనే చెప్పండి. ఏ అకౌంటుకు ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ప్రభుత్వ డబ్బు పడేలా ఆధార్‌తో ముడి) ఉందో సచివాలయంలో చూపించుకోమనండి. అన్నిటికన్నా ఆఖరున ఏ బ్యాంకులో ఆధార్ సీడింగ్ (అనుసంధానం) అయిందో అందులోకే డబ్బు వెళ్తుంది. ఇంకో పాస్‌బుక్కు పట్టుకుని డబ్బు రాలేదనుకునేవాళ్లు చాలామంది.