హెడ్‌ఫోన్ పెడితే నెట్ పడిపోతోందా? ముందు బ్యాండ్ చూడండి, తర్వాత నీలం పోర్టు చూడండి

బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకోగానే వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వస్తుంది, తీసేస్తే బాగుంటుంది, పక్కనే ఉన్న ఫోన్‌లో అదే వైఫై మీద యూట్యూబ్ చక్కగా ఆడుతూ ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల ఇంటి నుంచి పని చేసేవాళ్లు పెరిగాక నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి. అందరూ చేసేది ఒకటే, నెట్ వాళ్లకి ఫోన్ చేస్తారు, వాళ్లొచ్చి రౌటర్ మార్చి వెళ్తారు, మర్నాడు మళ్లీ మొదటికొస్తుంది. నిమిషం పట్టని పని ఒకటుంది, అది మాత్రం ఎవరూ చేయరు.

ల్యాప్‌టాప్ ఏ బ్యాండ్‌లో ఉందో చూడండి

విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, వైఫై, ప్రాపర్టీస్ తెరిచి కిందకి జరిపితే నెట్‌వర్క్ బ్యాండ్ అని ఉంటుంది, అంటే వైఫై ఏ రేడియో పట్టీలో నడుస్తోందో అక్కడ తెలుస్తుంది. అక్కడ 2.4 గిగాహెర్ట్జ్ అని కనబడితే జబ్బు సగం దొరికినట్టే, ఎందుకంటే బ్లూటూత్ కూడా 2.4లోనే నడుస్తుంది. పాటలు మోసే మామూలు బ్లూటూత్ 79 చిన్న చానెళ్ల మీద సెకనుకి 1600 సార్లు దాకా గెంతుతుంది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి వైఫై ఉన్న చోటు తప్పించుకుని గెంతడం దానికి వచ్చు, కాబట్టి గాలిలో రెండూ గుద్దుకోవడం మనం అనుకున్నంత ఉండదు. ఇబ్బందంతా ల్యాప్‌టాప్ లోపల. చాలావాటిలో వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉంటాయి, రెండూ 2.4లో ఉన్నంతసేపూ వంతులేసుకుని పని చేస్తాయి. పాట తెగకూడదు కాబట్టి బ్లూటూత్ వంతు వచ్చినప్పుడల్లా నెట్ ఆగుతుంది.

పరిష్కారం 5 గిగాహెర్ట్జ్‌కి మారడం. మీ రౌటర్ రెండు పేర్లు చూపిస్తే చివర 5జీ అని ఉన్నదానికి కలపండి. అది సిమ్‌లో వచ్చే 5జీ కాదు, "నా ఫోన్ 4జీయే కదండీ, అందుకే దాన్ని ముట్టుకోలేదు" అని నాతో చాలామంది అన్నారు. రెండు బ్యాండ్‌లకీ ఒకే పేరుంటే ల్యాప్‌టాప్ తనకి నచ్చింది పట్టుకుంటుంది, బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచి పేర్లు విడదీయండి. 5 గోడలు దాటడంలో బలహీనం, రౌటర్ వీధి గదిలో ఉండి మీరు వంటింటి పక్క గదిలో కూర్చుంటే, అందులోనూ పాత ఇళ్ల మందపాటి గోడలైతే, అందకపోవచ్చు. అప్పుడు రౌటర్‌ని జరపండి, లేకపోతే రౌటర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా లాన్ వైరు (నెట్ కేబుల్) వేసేయండి. కొన్ని చవక ల్యాప్‌టాప్‌లకి 5 రానే రాదు, వాటికీ లాన్ వైరే మందు. 2.4 తప్పదంటే రౌటర్‌లో చానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి దించండి, 40లో పెడితే బ్యాండ్‌లో సగం వైఫైయే ఆక్రమిస్తుంది, బ్లూటూత్ తప్పుకోవడానికి చోటు మిగలదు.

ఒక మాట. హెడ్‌ఫోన్ కనెక్ట్ చేసి ఊరికే వదిలేసి స్పీడ్ టెస్ట్ చేస్తే ఏమీ తెలియదు. పాట ఆడుతుండగా మూడుసార్లు, బ్లూటూత్ పూర్తిగా ఆపి మూడుసార్లు చేసి అంకెలు కాగితం మీద రాసుకోండి.

హెడ్‌ఫోన్ తప్పు కానప్పుడు

ఇది నన్ను బాగా ఏడిపించింది. బొబ్బిలిలో ఒక మాస్టారు, ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతారు. "ఏటి బాబూ, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చాలు, పిల్లలందరూ ఆగిపోతన్నారు" అని ఫోన్. వెళ్లాను. డెస్క్‌టాప్ కంప్యూటర్, 2.4 మాత్రమే తీసుకునే చిన్న వైఫై డాంగిల్ (యూఎస్‌బీ పోర్టుకి గుచ్చే ముక్క), పక్కన బ్లూటూత్ డాంగిల్. చానెల్ మార్చాను, 20కి దించాను, పాట పెట్టి చూస్తే అంతా బాగుంది. సాయంత్రం క్లాసులో మళ్లీ అదే గోల, పైగా ఈసారి హెడ్‌ఫోన్‌లోనూ చిటపటలు. నేనే కొత్త హెడ్‌ఫోన్ కొనమన్నాను, ఆయన కొన్నారు, ఏమీ మారలేదు. ఆ డబ్బు నా మాట మీద పోయింది, అది ఇప్పటికీ బాధే.

మూడోసారి క్లాసు జరుగుతుండగా వెళ్లి సీపీయూ వెనక టార్చి వేసి చూశాను. రెండు డాంగిళ్ల మధ్య నీలం పోర్టులో జానెడు వైరుతో హార్డ్ డిస్క్, దాని లైటు గబగబా కొట్టుకుంటోంది. క్లాసు రికార్డింగ్ అందులోకి వెళ్తోంది. నీలం పోర్టు అంటే యూఎస్‌బీ 3. దాని మీద డేటా పరుగెత్తేటప్పుడు పోర్టు నుంచీ వైరు నుంచీ 2.4 ప్రాంతంలో రేడియో రొద బయటికి కారుతుంది. ఇది నా ఊహ కాదు, ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం రాసింది. ఆ రొద పక్కనే ఉన్న వైఫై డాంగిల్‌నీ, బ్లూటూత్ డాంగిల్‌నీ ఒకేసారి చెవిటివి చేస్తుంది. మాస్టారు హెడ్‌ఫోన్ పెట్టుకునేది క్లాసులోనే, హార్డ్ డిస్క్ పని చేసేదీ క్లాసులోనే, అందుకే నేరం హెడ్‌ఫోన్ మీద పడింది. నేను పగలు చేసిన పరీక్షల్లో రికార్డింగ్ లేదు, డిస్క్ నిద్రపోతోంది.

క్లాసు ఆపకుండానే హార్డ్ డిస్క్‌ని ముందువైపు నల్ల యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చి రికార్డింగ్ మళ్లీ మొదలుపెట్టాం, రికార్డింగ్‌కి ఆ వేగం ఎక్కువే. వైఫై డాంగిల్‌ని మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరుతో బల్ల మీదికి తెచ్చాను. పిల్లల ముఖాలు కదిలాయి.

ల్యాప్‌టాప్‌లలో ఇదే పని టైప్ సీ హబ్బులు, అంటే ఒక పోర్టుని నాలుగైదు చేసే పెట్టెలు, చేస్తాయి. కాబట్టి నెట్‌తో పాటు హెడ్‌ఫోన్ కూడా చిటపటలాడుతుంటే ముందు హబ్బు, హార్డ్ డిస్క్, పెన్‌డ్రైవ్ అన్నీ పీకేసి చూడండి. తగ్గితే ఒక్కొక్కటే తిరిగి పెడుతూ ఏదో పట్టుకోండి, దాన్ని పొడుగు వైరుతో మూరెడు దూరం జరపండి. బాగా కవచం ఉన్న వైరైతే ఇంకా మంచిది, కానీ దూరానికి మించిన మందు లేదు.

మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4లోనే రొద చేస్తుంది, అది ఆన్‌లో ఉన్న నాలుగు నిమిషాలే, దానికి టెన్షన్ పడకండి. పక్కింటి వైఫై అడ్డొస్తే హెడ్‌ఫోన్ తీసేసినా తగ్గదు, ఆ తేడాతోనే తెలిసిపోతుంది.

బ్లూటూత్ ఆపి, అన్నీ పీకేసినా నెట్ అలాగే ఉంటే అప్పుడు కనెక్షన్ వాళ్లకి ఫోన్ చేయండి, చేసే ముందు రౌటర్‌కి లాన్ వైరు పెట్టి చూసిన స్పీడ్ రాసి పెట్టుకోండి, వాళ్లు అడిగేది అదే.