తల్లీకొడుకుల నవల ‘సన్స్ అండ్ లవర్స్’ని తీరిగ్గా, తృప్తిగా చదవడం ఎలా?

డి.హెచ్. లారెన్స్ రాసిన ‘సన్స్ అండ్ లవర్స్’ 1913లో వచ్చింది. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌కి దగ్గర్లో బెస్ట్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊరు. లారెన్స్ పుట్టిన ఈస్ట్‌వుడ్‌కే నవలలో ఆ పేరు పెట్టాడు. ఆ ఊళ్లో మోరెల్ కుటుంబం ఉంటుంది. తండ్రి వాల్టర్ గనిలో పనిచేస్తాడు, తాగుతాడు. తల్లి గెర్‌ట్రూడ్ కాస్త చదువుకున్న మనిషి, మాట పడని మనిషి. పిల్లలు నలుగురు: విలియం, ఆనీ, పాల్, ఆర్థర్. మొగుడి మీద ఆశ చచ్చిపోయాక ఆ తల్లి ప్రాణమంతా ముందు పెద్దకొడుకు విలియం మీద, తర్వాత పాల్ మీద పెట్టుకుంటుంది. కథ అదే.

మన దగ్గర ఎం.ఏ. ఇంగ్లిష్ చదివినవాళ్లలో చాలామందికి ఈ పేరు తెలుసు. పరీక్షకి నోట్సు బట్టీపట్టి, నవల తెరవకుండా వదిలేసినవాళ్లే అందులో ఎక్కువ. నోట్సులో ఒక సిద్ధాంతం ఉంటుంది. నవలలో ఒక ఇల్లు ఉంటుంది: వంటింటి పొయ్యి, జీతం రోజు, కొడుకు రాకకోసం గడియారం వంక చూసే తల్లి. ఆ ఇంట్లోకి వెళ్లడానికి నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

1. పుస్తకం ఎంచుకోండి, ముందుమాట పక్కన పెట్టండి

ఈ నవల రెండు రూపాల్లో దొరుకుతుంది. అచ్చుకి ముందు ఎడ్వర్డ్ గార్నెట్ అనే ఎడిటర్ ఇందులో దాదాపు పదో వంతు తీసేశాడు. కొన్ని దశాబ్దాల పాటు లోకమంతా చదివింది ఆ కత్తిరించిన నవలే. తీసేసినవన్నీ తిరిగి చేర్చి కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ 1992లో పూర్తి పాఠం వేసింది. విలియం సంగతులు అందులో ఎక్కువ ఉంటాయి. మొదటిసారి చదవడానికి పాతది చాలు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితంగా ఉంది, ఫోన్‌లోకి దించుకోవచ్చు. అచ్చుపుస్తకం కొనగలిగితే ఇంకా మంచిది. ఇంత పెద్ద నవలలో వెనక్కి తిప్పి చూసుకోవాల్సిన పేజీలు చాలా ఉంటాయి.

ఎవరు రాసిన ముందుమాటైనా సరే, చివర్లోనే చదవండి. కథలో చావులు, విడిపోవడాలు అన్నీ మొదటి రెండు పేజీల్లోనే చెప్పేస్తారు.

2. షిల్లింగుల లెక్క తెలుసుకోండి

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. అట్ట లోపలి పేజీలో ఇది రాసి పెట్టుకోండి. ఈ ఇంట్లో ప్రేమ, కోపం, అవమానం అన్నీ డబ్బు దగ్గరే బయటపడతాయి.

మొదటి అధ్యాయంలోనే లారెన్స్ ఒక లెక్క ఇస్తాడు. మోరెల్‌కి వారానికి 40 షిల్లింగులు వస్తే 10 తన ఖర్చుకి ఉంచుకుంటాడు. 35 వస్తే 5, 32 వస్తే 4, 28 వస్తే 3. అలా తగ్గుతూ, 16 వచ్చిన వారం ఆరు పెన్నీలు. చాలామంది ఈ అంకెలు చూసి పేరా దాటేస్తారు. ఒక్క నిమిషం ఆగి తీసివేత చేయండి. 40 వచ్చినా, 35 వచ్చినా ఇంటికి చేరేది 30 షిల్లింగులే. గనిలో పని బాగా సాగిన వారం ఆ మిగులంతా అతని తాగుడికే పోతుంది. ఆమె కోపం ఎక్కడ మొదలైందో ఆ తీసివేతలో తెలుస్తుంది. తర్వాత పాల్‌కి నాటింగ్‌హామ్‌లో మొదటి ఉద్యోగం వారానికి 8 షిల్లింగులకి దొరికినప్పుడు, ఆ 8 ఎంత పెద్దదో, ఎంత చిన్నదో మీకే అర్థమవుతుంది.

3. మొదటి ఆరు అధ్యాయాలు నెమ్మదిగా చదవండి

మొత్తం 15 అధ్యాయాలు, రెండు భాగాలు. మొదటి భాగంలో ఆరు. నా మటుకు నాకు నవల మొత్తంలో ఇవే గొప్పవి. రోజుకి ఒక అధ్యాయం మించి చదవకండి. ‘తర్వాత ఏమవుతుంది’ అని పరిగెత్తించే కథ కాదిది. ఒక్కో సంఘటన మనసులో దిగాలి, దిగడానికి టైం పడుతుంది.

ఒకటి చెబుతాను. విలియం ఏడాది పిల్లాడు. తలనిండా ఉంగరాల జుట్టు, తల్లికి ఆ జుట్టంటే ప్రాణం. ఒక ఆదివారం పొద్దున ఆమె కిందికి దిగి వచ్చేసరికి తండ్రి ఆ జుట్టు మొత్తం కత్తిరించేశాడు. పిల్లాడు తండ్రి మోకాళ్ల మధ్య నిలబడి ఉన్నాడు. ముందు పరిచిన పేపర్ మీద వెంట్రుకల రింగులు, పొయ్యి వెలుగులో బంతిపూల రేకుల్లా చెదిరి ఉన్నాయి. తండ్రి దృష్టిలో అదేం పెద్ద విషయం కాదు, మగపిల్లాడికి క్రాఫు చేశాడు అంతే. ఆమె చేతులెత్తి అతని మీదికి వెళ్లి, ఆగిపోయి, పిల్లాణ్ణి హత్తుకుని ఏడుస్తుంది. తర్వాత సర్దుకుని, ఎప్పుడో ఒకప్పుడు కత్తిరించాల్సిందేగా అంటుంది కూడా. కానీ ఆ రోజుతో మొగుడి మీద ఆమెకి ఏదో తెగిపోయింది. గొడవలన్నింటిలోకీ చిన్నదైన ఈ గొడవని లారెన్స్ అంత దగ్గరగా చూపించడం ఊరికే కాదు. మొదటిసారి చదివాక ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు ఆగండి.

ఇంకొకటి, అయిదో అధ్యాయంలో. ఉద్యోగం మాట్లాడుకోవడానికి తల్లీకొడుకులు రైలెక్కి నాటింగ్‌హామ్ వెళతారు. పని అయ్యాక భోజనానికి ఒక చోట కూర్చుంటారు. రేట్లు చూసి ఆమె గుండె జారిపోతుంది, అన్నింటిలోకీ చౌకగా ఉన్న ‘కిడ్నీ పై’ (మాంసం కూరి కాల్చిన వంటకం), బంగాళాదుంపలు చెబుతుంది. ఇక్కడికి రాకుండా ఉండాల్సిందమ్మా అంటాడు పాల్. అయినా వాడికి తీపి ఇష్టమని చిన్న ఎండుద్రాక్ష టార్ట్ ఒకటి తెప్పిస్తుంది. వడ్డించే అమ్మాయి వీళ్లని పట్టించుకోదు, ఆమెకి ఒళ్లు మండిపోతుంది. పల్లె నుంచి పట్నానికి అడ్మిషన్ కోసమో ఇంటర్వ్యూ కోసమో అమ్మతో వెళ్లి హోటల్లో మెనూ కార్డు చూసి బిక్కచచ్చిపోయిన ఎవరికైనా ఈ పేజీ గొంతులో అడ్డం పడుతుంది.

4. తండ్రి దగ్గర కూడా కాసేపు కూర్చోండి

అసలు చెప్పదలుచుకున్నది ఇదే. ఈ నవల చెప్పే గొంతు తల్లి పక్షం. పిల్లలు తండ్రిని ఎలా చూశారో మనకీ అలాగే చూపిస్తుంది. అతను తాగి వచ్చి నిండు చూలాలిని వెన్నెల్లో బయటికి నెట్టి తలుపు గడియ పెడతాడు. సొరుగు లాగి విసిరితే ఆమె నుదురు చిట్లి, చేతుల్లో ఉన్న పసివాడి జుట్టు మీద రక్తం బొట్టు పడుతుంది. ఇవి క్షమించే పనులు కావు, క్షమించమని నేనూ అనను. కానీ లారెన్స్ చెయ్యి ఎంత నిజాయితీగా రాసిందంటే, తండ్రి మంచి కూడా ఆ వాక్యాల్లోంచి జారి బయటపడుతూనే ఉంటుంది. దాన్ని ఏరుకోవడంలోనే ఈ నవల రుచి రెట్టింపు అవుతుంది.

తెల్లవారుజామున అందరూ నిద్రపోతుండగా అతను లేచి ఒంటరిగా టిఫిన్ చేసుకునే పేజీ రెండో అధ్యాయంలో ఉంది. ఫోర్కుకి గుచ్చిన బేకన్ ముక్కని మంట మీద కాలుస్తూ, కారే కొవ్వుని రొట్టె మీద పడేలా పట్టుకుంటాడు. టీ సాసర్లో పోసుకుని తాగుతాడు. ఆ గంటసేపు అతనంత సుఖపడే మనిషి లేడు. భార్యకి టీ కూడా పైకి తీసుకెళతాడు. నాలుగో అధ్యాయంలో గోధుమ గడ్డి పుల్లల్లో మందు కూరి గనిలో పేల్చడానికి వత్తులు చేస్తుంటే పిల్లలు చుట్టూ చేరతారు. గనిలో తిరిగే టాఫీ అనే గుర్రం కథలు చెబుతాడు.

అదే అధ్యాయంలో, పిల్లల పత్రిక పోటీలో పాల్‌కి బహుమతి వస్తుంది. నాన్నకి చెప్పు అంటుంది తల్లి. చెప్పడం కంటే ఆ బహుమతి పోయినా బాగుండును అనిపిస్తుంది వాడికి. చెబుతాడు, తండ్రి ఏదో అడుగుతాడు, రెండు మాటల్లో సంభాషణ చచ్చిపోతుంది. సొంత ఇంట్లో ఆ మనిషి పరాయివాడైపోయాడు. నాకు ఈ పేజీ సొరుగు విసిరిన పేజీ కంటే బాధ పెట్టింది.

కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి వైపు పెరిగినవాళ్లకి ఈ ఇల్లు ఇంకా దగ్గరిది. బాయి (బొగ్గుగని) దిగి వచ్చే మనిషి, షిఫ్టు టైముని బట్టి నడిచే వంట, ఆలస్యమైతే తాగి వస్తున్నాడో ప్రమాదం జరిగిందో తెలియని ఆ టెన్షన్. మీ ఇంట్లో బాయి పని చేసినవాళ్లుంటే మొదటి నాలుగు అధ్యాయాల కథ వాళ్లకి చెప్పి చూడండి. మీకు తెలియనివి వాళ్లు చెబుతారు.

లారెన్స్ తండ్రి కూడా గని కార్మికుడే. నవలలో నాన్నకి న్యాయం చేయలేదని తర్వాతి రోజుల్లో అతను అనుకున్నట్టు స్నేహితులు రాశారు.

5. యాస దగ్గర బెదరకండి

తండ్రి మాట్లాడేది ఆ ప్రాంతపు యాస. మొదట అర్థం కాదు. పైకి చదవండి, రెండు మూడు పేజీలకి చెవికి అలవాటవుతుంది. తల్లి మాట మాత్రం బడిలో నేర్చిన ఇంగ్లిష్, పిల్లలకీ అదే కావాలని ఆమె పట్టు. ఎవరు ఎప్పుడు ఏ మాటతీరులోకి మారుతున్నారో గమనిస్తే చాలు, డిక్షనరీ అక్కర్లేదు.

6. ఏడో అధ్యాయం దగ్గర ఆగిపోకండి

ఆరో అధ్యాయంలో విలియం పోతాడు. ఆ అధ్యాయం పేరే ‘కుటుంబంలో మరణం’ కాబట్టి ఇది చెప్పినా ఫర్వాలేదు. ఆ తర్వాత పాల్ జబ్బుపడి బతుకుతాడు, తల్లి ప్రాణం వాడి మీదికి మారుతుంది. ఇక ఆరులోనే కనిపించిన మిరియం అనే అమ్మాయి ఏడులో కథ మధ్యలోకి వస్తుంది, కథ నెమ్మదిస్తుంది. పూలు, పొలాలు, పుస్తకాల గురించి మాటలు పేజీలకి పేజీలు సాగుతాయి. చాలామంది పుస్తకం పక్కన పెట్టేసేది ఇక్కడే.

నా సలహా: ఈ భాగంలో పాల్ మిరియంతో ఏం మాట్లాడాడు అన్నదాని కంటే, ఇంటికి ఎలా తిరిగొచ్చాడు, తల్లి ఏమంది అన్నది చూడండి. తెల్లటి అడవి గులాబీలు చూపించాలని మిరియం ఒక సాయంత్రం పాల్‌ని తోవ తప్పించి తీసుకెళుతుంది. అక్కడ ఇద్దరూ మాట రాక నిలబడిపోతారు. ఇంట్లో తల్లి మేలుకుని కూర్చుని ఉంటుంది. కోడలు రాకముందే మొదలైన అత్తాకోడళ్ల పోరు అది. పాల్ రొట్టెలు మాడబెట్టే ఎనిమిదో అధ్యాయంలో అది ఎంతదూరం వెళుతుందో చూస్తే మీకు ఒళ్లు జలదరిస్తుంది.

మిరియం మీద విసుగొస్తే ఒకటి గుర్తుంచుకోండి. ఆమెకి మూలం జెస్సీ చేంబర్స్ అనే నిజమైన మనిషి, లారెన్స్ రచయిత అయ్యేందుకు ఎంతో తోడ్పడిన స్నేహితురాలు. నవలలో తనని చిత్రించిన తీరుకి ఆమె చాలా నొచ్చుకుంది. తన వైపు నుంచి 1935లో ఒక పుస్తకం రాసింది. తండ్రిలాగే మిరియం కూడా ఈ కథలో తన మాట పూర్తిగా చెప్పుకునే అవకాశం దొరకని మనిషి.

తర్వాత పాల్ దగ్గరయ్యే పెళ్లైన స్త్రీ క్లారా, ఆమె భర్త బ్యాక్స్‌టర్ డాస్‌ల అధ్యాయాలు వేగంగానే సాగుతాయి, వాటికి వేరే సలహా అవసరం లేదు.

7. పద్నాలుగో అధ్యాయానికి ఒక సాయంత్రం ఖాళీ ఉంచుకోండి

ఏం జరుగుతుందో చెప్పను. బస్సులోనో ఆఫీసు లంచ్ టైంలోనో మాత్రం చదవకండి. ఒకే విడతలో చదవండి. ఇంట్లో జబ్బుపడ్డ పెద్దవాళ్లకి సేవచేస్తున్న రోజులైతే కొన్నాళ్లు వాయిదా వేయండి. లారెన్స్ తల్లి లిడియా 1910 డిసెంబర్‌లో క్యాన్సర్‌తో పోయింది. అప్పటికే ఈ నవల మొదలుపెట్టి ఉన్నాడు, 1912లో ఇటలీలో కూర్చుని పూర్తిచేశాడు.

8. ముందుమాట, ఫ్రాయిడ్ ఇప్పుడు

ఈ నవల పేరెత్తగానే ఈడిపస్ కాంప్లెక్స్ అంటారు, అంటే కొడుక్కి తల్లి మీద మోహం, తండ్రి మీద పగ ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ చెప్పిన సిద్ధాంతం. అందులో నిజం లేకపోలేదు. కానీ ముందే ఆ ముద్ర వేసుకుని చదివితే ఎండుద్రాక్ష టార్ట్ కనిపించదు, సాసర్లో టీ కనిపించదు. అన్నీ చదివేశాక పండితుల మాట వినండి, అప్పుడు వాళ్లతో వాదించడానికి మీ దగ్గర కూడా సరుకుంటుంది.

తర్వాత ఏం చదవాలంటే, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. అందులో దయానిధిని తల్లి గురించి లోకం చెప్పుకునే మాటలు జీవితాంతం వెంటాడతాయి. పాల్‌ని తల్లి ప్రేమ వదలదు, దయానిధిని తల్లి మీద పడ్డ నింద వదలదు. రెండిటి మధ్య ఎక్కువ రోజులు గడవనీయకుండా చదవండి.