యూటా ఎడారిలో రెండు వారాలు అంగారక వాసం: వెళ్ళేవాళ్ళకి నా మాట

అంగారకుడి మీద ఉన్నట్టే నటిస్తూ బతికి చూసే చోటు ఒకటి అమెరికాలోని యూటా ఎడారిలో ఉంది: మార్స్ సొసైటీ అనే సంస్థ వాళ్ళ ఎండీఆర్ఎస్ (మార్స్ డెజర్ట్ రీసెర్చ్ స్టేషన్). అక్కడికి వెళ్తున్నానంటే అందరూ స్పేస్ సూట్ గురించే అడుగుతారు. అక్కడ రెండు వారాలు ఉండి వచ్చాక, నాకైతే ముందు వంటగది గురించి చెప్పాలనిపిస్తుంది.

స్టేషన్ ఉన్నది హాంక్స్‌విల్ అనే చిన్న ఊరికి అవతల, ఎర్రమట్టి గుట్టల మధ్య. మేముండే గుండ్రటి ఇల్లు ఎనిమిది మీటర్ల వ్యాసం, రెండంతస్తులు. వంట, భోజనం, పడక అన్నీ పైనే. తిండంతా పొడులూ ఎండబెట్టిన కూరగాయలే. వాటిని వేడినీళ్ళలో అరగంట నానబెట్టి వండండి, లేదంటే బెండు నమిలినట్టుంటుంది.

మొదటి రాత్రి నేను ఉత్సాహంగా పప్పులో ఎండుమిర్చి పోపు పెట్టాను. నిమిషంలో అందరికీ దగ్గు, కళ్ళల్లో నీళ్ళు. కిటికీ తీద్దామంటే లేదు, బయట అంగారకుడు కదా! అంచేత పోపు ఇంట్లోనే వదిలేయండి. కమాండర్‌ని ముందే అడిగి పొడులు పట్టుకెళ్ళండి.

నీళ్ళు లెక్క ప్రకారమే. కంచాన్ని ముందు టిష్యూతో తుడిచేసి, తర్వాతే తడి చేయండి. గిన్నెలు ఎవరి వంతో మొదటి రోజే రాసి గోడకి అంటించండి. హ్యూస్టన్‌లో నాసా వాళ్ళు ఇలాగే నడిపిన చాపియా అనే అంగారక వాస ప్రయోగంలో నలుగురు 378 రోజులు కలిసున్నారు. మాకు మాత్రం నాలుగో రోజుకే ఒక మూకుడు దగ్గర మాటా మాటా వచ్చింది.

ఇక బయటికి వెళ్ళడం, అంటే ఈవీఏ. ముందురోజు సాయంత్రమే ఎక్కడికి, ఎవరెవరు, ఎంతసేపు అని రాసి మిషన్ సపోర్ట్ (దూరం నుంచి మమ్మల్ని కనిపెట్టుకుని ఉండే బృందం) అనుమతి తీసుకోవాలి. వెళ్ళేరోజు సూట్ ఫ్యాన్ బ్యాటరీ, రేడియో చూసుకోండి. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాకే సూట్ వేసుకోండి. కళ్ళద్దాలుంటే వెనక తాడు కట్టండి. నావి ఎయిర్‌లాక్‌లో (బయటికి వెళ్ళేముందు ఆగే రెండు తలుపుల గదిలో) నిలబడ్డ అయిదు నిమిషాల్లోనే ముక్కు చివరికి జారాయి. హెల్మెట్ లోపలికి వేలు పోదుగా, రెండు గంటలు తల వెనక్కి వాల్చుకునే నడిచాను. ఒక్క సంగతి మరవద్దు: హెల్మెట్‌లోకి గాలి పంపేది ఆ ఫ్యాన్లే. అవి ఆగి ఊపిరాడనట్టుంటే అంగారక నటన (సిమ్) సంగతి పక్కనపెట్టి హెల్మెట్ తీసేయండి. పరువు పోదు.

మిషన్ సపోర్ట్‌కి రిపోర్టులు పంపేది సాయంత్రమే. అసలు అంగారకుడి నుంచి మాట భూమికి చేరాలంటే దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, జవాబు రావడానికి మళ్ళీ అంతే. కాబట్టి ప్రశ్నలు ఒక్కొక్కటిగా పంపొద్దు. "పంపు ఆగింది, ఏం చేయాలి?" అని కాకుండా, ఏం చూశారో, ఏం ప్రయత్నించారో, జవాబు వచ్చేలోగా ఏం చేయబోతున్నారో ఒకే ఉత్తరంలో రాసేయండి.

కందిపొడి మాత్రం రెండు డబ్బాలు పెట్టుకోండి. నేను ఒక్కటే తీసుకెళ్ళాను. పోపుకి దగ్గినవాళ్ళే వారం తిరక్కుండా దాన్ని ఖాళీ చేశారు.